ఏడువేల ఫోను – మా ఇంటి లెక్క

సంచికకు వ్యాసం రాయమంటే మిత్రులు ప్రేమ మీదో, దేశభక్తి మీదో రాస్తారు. నేను మా ఇంటి చవక ఫోను మీద రాస్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. ఉట్నూర్ ప్రాంతంలో పత్తి పండించే మా ఇంట్లో అది కూడా కొడవలిలాంటి పనిముట్టే. పనిముట్టును పొగడటమో తిట్టటమో కాక, పరీక్షించి చూడటం సైన్సు విద్యార్థి పని.

2020 సెప్టెంబరు 1న మన రాష్ట్రంలో బడి పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా మొదలయ్యాయి. మా ఇంట్లో టీవీ లేదు. బాపు 6,900 రూపాయలు పెట్టి ఫోను కొన్నాడు. అంతకుముందు సీజనులో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 5,550. అంటే ఒకటింబావు క్వింటాలు పత్తి ఇచ్చి తెచ్చుకున్నట్టు.

ముందు మంచి చెప్పాలి. ఐదేళ్ళుగా పనిచేస్తోంది. తెర మీద చుక్కలు తక్కువ, లోపలి ప్రాసెసరు నిదానం. అందుకే కరెంటు కూడా తక్కువే తాగుతుంది. వానాకాలం రాత్రి కరెంటు పోయినా దాని టార్చి వెలుగుతూనే ఉండేది. రెండు సిమ్ములు పడతాయి. ఒకదానికి సిగ్నల్ లేకుంటే రెండోది ఆదుకుంటుంది. పదో తరగతి, ఇంటరు దాంతోనే గట్టెక్కాను.

ఇక లోపాలు. ఎండలో తెర కనిపించదు. సూర్యుడి వెలుగు ముందు దాని వెలుగు ఏపాటిది! ఇంకోటి, ఆ తెర వేలి చర్మంలోని తడి వల్ల కలిగే విద్యుత్ మార్పును పసిగట్టి పనిచేస్తుంది. పత్తి ఏరి ఏరి కాయలు కాసిన ఎండు వేలికి అది సరిగా పలకదు. “నా యేలును గీ ఫోను గుర్తు పడ్తలేదు బిడ్డా” అంటాడు బాపు. పక్కనే చెల్లె వేలు తాకిస్తే టక్కున పలుకుతుంది.

మా జిల్లాలోని గుంజాల ఊరి పేరున్న గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఆ లిపిలో ఒక గోండు మిత్రుడు పండుగ శుభాకాంక్షలు పంపితే మా ఫోనులో వరసగా ఖాళీ గళ్ళు కనిపించాయి. దాని పాత సాఫ్ట్‌వేరులో ఆ అక్షరాలు లేవు.

అన్నిటికన్నా పెద్ద లోపం చోటు. 32 జీబీలో కొంత ఫోనే తినేస్తుంది. మిగిలిన దాన్ని మా మామ రోజూ పంపే శుభోదయం బొమ్మలు తింటాయి. 2025-26 సీజనుకు సీసీఐకి పత్తి అమ్మాలంటే ‘కపాస్ కిసాన్’ యాప్‌లో నమోదై, స్లాటు తీసుకోవాలి. పొడవు పింజకు మద్దతు ధర 8,110. యాప్ దించబోతే చోటు లేదంది ఫోను. బొమ్మలన్నీ తీసేసినా చాలలేదు. మిగిలినవి రెండే: నేను దించుకున్న ఫిజిక్సు పాఠాలు, పోయినేడు కాలం చేసిన బాపమ్మ వీడియోలు.

బాపు ఒక్క మాటన్నాడు: “పాఠం మల్ల దొరుకుతది. మా అవ్వ దొరకదు.”

నాలుగు రాత్రులు కూర్చుని పాఠాలన్నీ నోట్సులో ఎక్కించి, అప్పుడు తీసేశాను. యాప్ దిగింది, స్లాటు దొరికింది, పత్తి అమ్ముడుపోయింది. కాని నాలుగు వేల రూపాయలు ఎక్కువ పెట్టగల ఇంట్లో ఈ తగువే రాదు గదా!

చవక ఫోను చెడ్డదని నేననను. అది లేకుంటే నేనీ కాలేజీలో ఉండేవాణ్ణి కాను. మాట్లాడటానికి, వినటానికి, వెలుగుకు అది చాలు. పంట అమ్మకం కూడా దాని మీదే ఆధారపడ్డప్పుడు మాత్రం దాని లోపాలు ఇంటి లోపాలవుతాయి.

మనలో కొందరు రేపు కంప్యూటరు ఉద్యోగాలకు పోతారు. వాళ్ళకు ఒక్కటే విన్నపం. మీరు తయారుచేసిన యాప్‌ను విడుదలకు ముందు ఒక పాత ఫోనులో వేసి, పత్తి చేనులో, మిట్టమధ్యాహ్నం, ఒక రైతు చేతికిచ్చి చూడండి.