ధ్వజాలు, శిరస్త్రాణాలు

విరాటపర్వంలోని ఉత్తరగోగ్రహణ ఘట్టం తెలుగు చదువుకున్న ప్రతివారికీ పరిచితమే. ఎదుట కౌరవసేన నిలిచి ఉన్నది. వారిలో ఎవరెవరో ఉత్తరునికి తెలియదు. అర్జునుడు వారి ముఖాలు వర్ణించడు, టెక్కెములు చూపుతాడు. బంగారు వేదిక గుర్తుగలవాడు ద్రోణుడు, సింహపుచ్ఛం గలవాడు అశ్వత్థామ, వృషభం కృపునిది, శంఖం కర్ణునిది, సర్పం దుర్యోధనునిది, తాటిచెట్టు భీష్మునిది. తిక్కనగారి ఆ సీసపద్యాన్ని తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. దూరాన ఉన్న యోధుణ్ణి ముఖంచేత గాక చిహ్నంచేత గుర్తించాలన్న సూత్రం అందులో ఉన్నది. పాత యుద్ధకాలపు ఛాయాచిత్రాలు పరిశీలించడం అలవాటయ్యాక ఆ సూత్రం విలువ మరింత బోధపడింది.

అభినయాలు నాలుగన్నారు పెద్దలు. ఛాయాచిత్రంలో వాచికం లేదు, ఆంగికం గడ్డకట్టింది, సాత్త్వికం ఊహకు అందేదే. నిలకడగా మిగిలేది ఆహార్యం ఒక్కటే. కనుక మొదట చూడవలసింది తలను.

1914లో ఐరోపా యుద్ధం మొదలైనప్పుడు సామాన్య సైనికులకు ఉక్కుటోపీలు లేవు. 1915లో ఫ్రెంచివారు నడినెత్తిన సన్నని శిఖ గల ఏడ్రియన్ టోపీని తెచ్చారు. ఆ ఏడే బ్రిటిషువారికి బోర్లించిన పళ్ళెంవంటి బ్రోడీ టోపీ వచ్చింది. 1916లో జర్మనులు చెవులను, మెడను కప్పే లోతైన టోపీ ధరించారు. 1917లో యుద్ధంలోకి దిగిన అమెరికావారు బ్రిటిషు నమూనానే స్వీకరించారు. కనుక పళ్ళెపు టోపీ కనబడగానే బ్రిటిషువాడని నిర్ణయించరాదు. వ్యాకరణంలోవలెనే ఇక్కడా ఒక్క సూత్రంతో రూపసిద్ధి జరగదు.

మన సిపాయిలు 1914 సెప్టెంబరులో ఫ్రాన్సులోని మార్సెయిల్స్ రేవులో దిగినప్పుడు వారి తలలపై పాగాలే ఉన్నాయి. సిక్కు పాగా చుట్టు వేరు, నడుమ కుల్లా మొన కనిపించే పంజాబు ముస్లిం పాగా చుట్టు వేరు. గూర్ఖాలది వెడల్పు అంచు గల ఉన్నిటోపీ. మన దక్షిణాదివారు ఎందరో చేరిన మద్రాసు శాపర్లకు, అంటే వంతెనలు, బాటలు నిర్మించే దళాలకు, అంచులేని ఎత్తైన టోపీ ప్రత్యేకచిహ్నం. ఉక్కుటోపీలు వచ్చాక కూడా సిక్కులు పాగాలను విడువలేదు. ఎండకు పెట్టుకొనే సోలా టోపీ బెండుతో చేసినది.

తల తరువాత దేహం. పిక్కలకు చుట్టే గుడ్డపట్టీల పేరు మన దేశపు మాటే, ఇంగ్లీషువారు ఎరువు తీసుకున్నారు. రొమ్ముపై రెండుపక్కలా పెద్ద చతురస్రపు సంచులు ఉంటే అది 1937 నమూనా సామగ్రి. ఆ పటం అంతకు ముందుది కాజాలదు. తుపాకి గొళ్ళెపుపిడి, రొమ్మున పతకాలు ఎటువైపున్నాయో చూడాలి. పిడి ఎడమకు, పతకాలు కుడికి ఉంటే పటాన్ని తిరగేసి అచ్చువేశారన్న మాట. పాత ఫిల్ములలో ఎరుపు నల్లగాను, నీలం తెల్లగాను పడేది. కనుక పతకపు పట్టీ రంగును ఛాయనుబట్టి ఊహించడం ప్రమాదం.

ఇదంతా కాలక్షేపమేనా అని అడిగే మిత్రులున్నారు. మా బ్రహ్మంగారిమఠం చుట్టుపక్కల ఒక పల్లెలో, చాలా ఏళ్ళ క్రితం, ఒక వృద్ధురాలు గోడనుండి పటం దింపి చూపింది. గుడారం ముందు నలుగురు సిపాయిలు. ఒకరి నుదుట కుంకుమ. అతడు మొదటి జర్మనీ యుద్ధానికి పోయి వచ్చిన ఆమె తండ్రి అని ఇంటివారి నమ్మకం. రొమ్ముపై 1937 నమూనా సంచులు స్పష్టంగా ఉన్నాయి. ఇది రెండవ యుద్ధకాలపు పటమని మాత్రమే చెప్పాను. అప్పటికి ఆమె తండ్రి యాభైకి దగ్గరపడ్డవాడు. పటంలోనివాడు ఇరవై దాటని కుర్రవాడు. ఆమె చాలాసేపు చూసి, "అట్లయితే మా నాయన గాదు సారూ, మాయన్న" అన్నది. ఆమె పసిపిల్లగా ఉండగా వెళ్ళి, జాబులు ఆగిపోయి, తిరిగిరానివాడు. పటం దొరికింది గాని, ఇన్నేళ్ళూ అతనికి పెద్దల అమావాస్యనాడు పేరు చెప్పి నీళ్ళు వదిలినవారు లేరు.

ఆ ఏడు మహాలయ అమావాస్యకు ఆ ఇంట ఒక పేరు ఎక్కువగా చెప్పారని తరువాత విన్నాను.

ఇక్కడొక మర్యాద పాటించాలి. టోపీ యుద్ధాన్ని చెబుతుంది, సామగ్రి కాలాన్ని చెబుతుంది, భుజంమీది ఇత్తడి అక్షరాలు దళాన్ని చెబుతాయి. పేరు మాత్రం ఏ వస్తువూ చెప్పదు. దానిని ఇంటివారే చెప్పాలి. పరిశీలకుడు అంతవరకు వెళ్ళి ఆగాలి.

మొదటి యుద్ధం ముగిశాక ఈ ఊరినుండి ఇంతమంది వెళ్ళారు, వారిలో ఇంతమంది ప్రాణాలిచ్చారు అని మద్రాసు రాజధానిలోని ఎన్నో గ్రామాలలో శిలాఫలకాలు నాటారు. వాటిపై సంఖ్య ఉంటుంది, పేర్లు ఉండవు. మన సీమ వీరగల్లులలోనూ కొన్నిటికి అదే గతి. కత్తి, డాలు నిలిచాయి, పేరు మాసిపోయింది.

పాఠకులకు ఒక్క మనవి. మీ ఇంట పాత పటం ఉంటే, ఇంట్లో తెలిసిన పెద్దలు ఉండగానే, వెనుక అంచున మెత్తని పెన్సిలుతో ఒత్తకుండా పేర్లు వ్రాయండి. సిరా వద్దు, ముందుకు ఊరుతుంది. ఎడమనుండి కుడికి, వరుసగా, ఊరితో సహా. ఉత్తరునికి చెప్పడానికి పక్కన అర్జునుడు ఉన్నాడు. మన మనుమలకు ఆ నాలుగు అక్షరాలే దిక్కు.