అందుబాటులో

లేఆఫ్ నాకూ, పక్క సీటు మిత్రుడికీ ఒకేరోజు. కాలిఫోర్నియాలో నిరుద్యోగ భృతి వారానికి మహా అయితే 450 డాలర్లు. ఇక్కడి అద్దెలకు ఏ మూలకీ రాదు. అయినా అప్లై చేశాను. పని చేయగలగాలి, వెతుకుతుండాలి, పనికి ‘అందుబాటులో’ ఉండాలి. గ్రీన్‌కార్డు ఉంది కనుక మూడింటికీ నా జవాబు అవుననే.

అతనిది హెచ్‌-1బి. చేయగలడు, నాకంటే ఎక్కువే వెతుకుతున్నాడు. కానీ కొత్త కంపెనీ ఏదైనా పిటిషన్ వేస్తే తప్ప రేపు పొద్దున పనిలో చేరలేడు. అంచేత రూలు ప్రకారం అందుబాటులో లేనట్టే. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే మా టీమంతా ముందు ఫోన్ చేసింది అతనికే!

ఈ భృతి కోసం కంపెనీ కట్టిన పన్ను మాత్రం ఇద్దరి పేరునా ఉంది, ఏడాదికి ఒక్కొక్కరి జీతంలో మొదటి 7,000 డాలర్ల మీద. అతనికి దేశంలో ఉండటానికి గడువు 60 రోజులు. నిన్నటికి 19 అయ్యాయి.