రాయ్‌పూర్‌లో పాత పటాలం నేల

రాయ్‌పూర్

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం అందింది. విజయనగరం కంటోన్మెంట్‌లో ఇల్లు తీసుకున్నప్పటి నుంచీ నీకు పాత పటాలాల పిచ్చి పట్టినట్టుంది. రాయ్‌పూర్‌లో 1857 నాటి బ్యారక్ ఒక్కటైనా నిలబడి ఉందా అని అడిగావు. నా కంటికైతే ఒక్క గోడా ఆనలేదురా. నేల మాత్రం ఉంది, పోలీస్ లైన్స్‌లో. అక్కడ యూనిఫాం మారింది గానీ కవాతు మానలేదు.

1818 తర్వాత ఇంగ్లీషువాళ్లు ఛత్తీస్‌గఢ్ పాలన కేంద్రాన్ని రతన్‌పూర్ నుంచి ఇక్కడికి మార్చారు. మధ్యలో కొన్నాళ్లు భోంస్లేలకు వదిలినా, 1854లో నాగపూర్ రాజ్యంతో పాటు ఈ ప్రాంతాన్నీ కలిపేసుకున్నారు. సిపాయిల మూడో రెజిమెంటు ఇక్కడే ఉండేది.

సోనాఖాన్ జమీందారు వీర్ నారాయణ్ సింగ్ కథ నీకు తెలిసే ఉంటుంది. 1856 కరువులో ఓ వ్యాపారి ధాన్యం కొట్టు తెరిపించి జనానికి పంచాడు, జైల్లో పడ్డాడు. మరుసటేడు ఆగస్టులో తప్పించుకున్నాడు. అందులో ఇక్కడి సిపాయిల చెయ్యి ఉందని చెబుతారు. 1857 డిసెంబరు 10న రాయ్‌పూర్‌లో ఉరి తీశారు. ఇప్పుడు ఆయన పేర అంతర్జాతీయ క్రికెట్ స్టేడియమే ఉంది. 1987లో తపాలా బిళ్లా వేశారు. చిత్రమేమిటంటే, ఆ బిళ్ల మీద ఆయన్ని ఫిరంగి ముందు నిలబెట్టి చూపించారు. ఉరికొయ్య కన్నా ఫిరంగి బాగా కనబడుతుందనుకున్నారేమో మరి!

నేను రాయాలనుకున్నది ఆయన గురించి కాదు. ఆ ఉరి జరిగిన నలభై రోజులు కూడా తిరక్కుండా, 1858 జనవరి 18 సాయంత్రం ఏడున్నర ప్రాంతంలో, హనుమాన్ సింగ్ అనేవాడు సార్జెంట్ మేజర్ సిడ్‌వెల్ ఇంట్లోకి చొరబడి కత్తితో నరికి చంపాడు. వీడు జమీందారూ కాదు, సుబేదారూ కాదు. మ్యాగజీన్ లష్కర్, అంటే మందుగుండు కొట్టులో పనివాడు. అక్కణ్ణుంచి పటాలంలోకి వచ్చి తిరగబడదాం రమ్మని సిపాయిల్ని పిలిచాడు. గోలందాజులూ, అంటే ఫిరంగివాళ్లూ, మరికొందరూ కలిశారు. పటాలంలో ఎక్కువమంది కదల్లేదు. లెఫ్టినెంట్ స్మిత్ మిగతా సిపాయిలతో చుట్టుముట్టాడు. కొన్ని గంటలు పెనుగులాడాక, చేతిలో తూటాలు లేక పదిహేడు మంది దొరికిపోయారు. హనుమాన్ సింగ్ దొరకలేదు. తల మీద 500 రూపాయలు ప్రకటించినా ఎప్పటికీ దొరకలేదు.

దొరికినవాళ్లకి విచారణ ఎంతసేపురా? జనవరి 22న పటాలం అంతటినీ నిలబెట్టి, అందరూ చూస్తుండగా ఉరి తీశారు. హవల్దారు ఘాజీ ఖాన్, అబ్దుల్ హయాత్, శివనారాయణ్, పన్నాలాల్, మాతాదీన్, ఠాకూర్ సింగ్, అక్బర్ హుస్సేన్, బల్లీ దూబే, పరమానంద్, నజర్ మహమ్మద్, దేవీదీన్... ఇంకా ఉన్నారు. ఆ పేర్లు ఒకసారి గొంతెత్తి చదువు. ఏ కులం, ఏ మతం అని వేరు చెయ్యకుండా ఒకే వరసలో పోయారు.

మన వైపు కథ గుర్తొచ్చింది. 1780 అక్టోబరు 3న, హైదర్ అలీ మీద యుద్ధానికి మద్రాసు ఓడ ఎక్కమంటే విశాఖపట్నం సిపాయిలు ఎదురు తిరిగారు కదా. సుబేదార్ షేక్ మహమ్మద్ ముందు నిలబడ్డాడు. 1857 మీరట్ తిరుగుబాటు కన్నా 77 ఏళ్ల ముందు! విశాఖలో ఆటోవాణ్ణి అడుగు, తెలుసంటాడేమో చూద్దాం. ఇక్కడ హనుమాన్ సింగ్ గురించి అడిగితే కొందరు హనుమాన్ గుడికి దారి చూపించారు.

నాకు అనిపించేది చెబుతాను, కోప్పడకు. జమీందారుకి ఊరుంటుంది, వంశం ఉంటుంది, తలుచుకునే జాతి ఉంటుంది. కూలికి కుదిరిన సిపాయికి ఉన్నదల్లా బ్యారక్కే. అది కూలితే వాడి చిరునామా పోయినట్టే. అందుకే గోడల మీద నీకున్న ఆ పిచ్చిని నేనిప్పుడు ఎగతాళి చెయ్యను.

నువ్వు రావాలనుకుంటే జనవరి మూడో వారంలో రా. సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా ఇక్కడే దిగుతావు. రిపబ్లిక్ డే ఉత్సవం పోలీస్ పరేడ్ గ్రౌండ్‌లోనే జరుగుతుంది. 22వ తేదీ ప్రాంతంలో రిహార్సల్స్ నడుస్తుంటాయి. పదిహేడు పేర్లూ కాగితం మీద రాసి పెడతాను, బ్యాండు ఆగినప్పుడు చదువుకుందాం. చెల్లాయిని అడిగానని చెప్పు.

నీ
రామం