ఆ ఒక్క వాక్యం

మొన్న ఊరెళ్తే, ఆర్మీలో హవల్దారుగా చేసి వచ్చిన బాబాయి ఒకాయన తన కాగితాలన్నీ నా ముందు పరిచారు. డిశ్చార్జి బుక్కు, మెడికల్ బోర్డు కాగితాలు, మడతల దగ్గర చిరిగిపోయిన ఒక ఉత్తరం. అందులో ఒకే వాక్యం: ఈ జబ్బు సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు. వైకల్య పెన్షన్ లేదన్నమాట. "చేరిన రోజున రాయిలా ఉన్నాను రా" అన్నారాయన, ఆ ఉత్తరాన్ని జాగ్రత్తగా మళ్లీ మడతపెడుతూ.

ఆ మాటకు చట్టంలో విలువ ఉంది. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. చేరేటప్పుడు రికార్డులో జబ్బు రాసి లేకపోతే, ఆ మనిషి ఆరోగ్యంగా చేరినట్టే లెక్క. తర్వాత జబ్బు పేరుతో పంపేస్తే, అది సర్వీసు వల్ల వచ్చిందనే అనుకోవాలి. కాదంటే మెడికల్ బోర్డు కారణాలు రాయాలి. నిరూపించుకోవాల్సిన భారం జవానుది కాదు.

వైకల్య పెన్షన్‌కు 2023 సెప్టెంబరులో కొత్త నిబంధనలు వచ్చాయి. కానీ అంతకుముందే సైన్యం నుంచి బయటికొచ్చి, ఆ ఒక్క వాక్యం చదివి ఊరుకున్నవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు.

సరిహద్దులో నిలబడ్డ మనిషిని ముసలితనంలో కోర్టు వరండాలో నిలబెట్టడం అన్యాయం.

మీ ఇంట్లో మాజీ సైనికులుంటే ఒక్క కాగితం కూడా పారేయకండి. మెడికల్ బోర్డు కాపీ అడిగి తీసుకోండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. అప్పీలు చేయండి, అక్కడా కాదంటే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. అది దానం కాదు, వాళ్ల హక్కు.