ప్లేటు

2024 వేసవిలో కూతురింటికని లండన్ పోయినప్పుడు అందరూ రాజుగారి కోట చూద్దామంటే, నేను ప్లేట్ల అంగడి చూద్దామన్నాను. అల్లుడు నవ్వినాడు. నా బాకీ అతనికి తెలియదు.

మా సాదలిలో నాయన దగ్గర కుక్కబొమ్మ గ్రామఫోను ఒకటుండేది. ఒక ఏడు శిడ్లఘట్టలో పట్టుగూళ్ళకు మంచి ధర పలికింది. ఆ డబ్బుతో ఘంటసాల పాడిన 'పుష్పవిలాపం' కొని తెచ్చినాడు. తమను కోయవద్దని పూలు వేడుకునే ఆ పద్యాలు విన్నాక, మా అవ్వ కొన్నాళ్ళు పూజకు తులసితోనే సరిపెట్టుకుంది.

ఆ ప్లేటును పగలగొట్టింది నేనే. అప్పటి ప్లేట్లు లక్కతో చేసినవి. మోదుగ, రేగు, కుసుమ చెట్ల మీద లక్కపురుగులు పెట్టే ఆ సరుకు మన దేశం నుంచే ప్రపంచానికంతా పోయేది. చెయ్యి జారితే గాజు మాదిరి పగిలేది. నాయన కొట్టలేదు, తిట్టలేదు. ముక్కలన్నీ ఏరి, పంచెలో మూటగట్టి, ట్రంకుపెట్టెలో పెట్టినాడు. కొట్టివుంటే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి.

ఆక్స్‌ఫర్డ్ వీధిలోని 363వ నెంబరు అంగడికి మొదట పోయినాము. 1921లో ఎల్గర్ అనే సంగీతకారుడు ప్రారంభించిన చోటు అది. 2019లో మూసి, 2023లో మళ్ళీ తెరిచినారు. గోడమీద మా ఇంటి కుక్కే! అక్కడ మన పాటలు కనబడలేదు. దగ్గరలోని బెర్విక్ వీధిలో పాత ప్లేట్లు అమ్ముతారంటే అక్కడికి నడిచినాము.

ఒక అంగడిలో 'ఇండియా' అని రాసిన పెట్టె ఉంది. రవిశంకర్ సితారు, హిందీ సినిమాలు. "ఏ భాష కావాలి?" అని అడిగినాడు అంగడాయన. తెలుగన్నాను. "ఆ పేరుతో పెట్టె లేదండీ" అన్నాడు మర్యాదగా. ఆ మాట నాకు కొత్త కాదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. తెలుగు అక్షరాలు నాయన పలకమీద దిద్దించినవే.

అడుగున ఎం.ఎస్. సుబ్బులక్ష్మి ఎల్.పి. ఒకటి దొరికింది. వెనకవైపు త్యాగరాజ కృతుల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. తెలుగు అనే మాట అట్ట మీద ఎక్కడా లేదు. మనవడు కూడబలుక్కుని చదివి, "తాతా, ఇదేం భాష?" అన్నాడు.

"మీ అమ్మ నిన్ను ఏ భాషలో తిడుతుందో, అదే."

వాడు నమ్మలేదు. ఇంకోసారి చదివి, ఒక మాట పట్టుకుని "ఇది నాకు తెలుసు!" అన్నాడు. బేరమాడకుండా కొన్నాను.

ఆ ప్లేటు ఇప్పుడు సాదలిలో ఉంది. నాయన గ్రామఫోను దానిని పాడలేదు. అది నిమిషానికి 78 చుట్లు తిరిగేది, ఇది 33 చిల్లర. ఆ బరువైన ఉక్కుసూది పెడితే మెత్తని వినైల్ గీతలన్నీ చెడిపోతాయి. పుష్పవిలాపం బాకీ కూడా తీరలేదు. పంచెమూట పక్కనే దీన్ని పెట్టినాను.

పెట్టేముందు అట్టమీద పెన్నుతో 'తెలుగు' అని రాసినాను. లండన్‌లో ఆ రాత్రి దాని కిందనే మనవడు కూడా రాసివుంటే బాగుండేది. వచ్చే సెలవుల్లో వాడు వస్తాడు. చోటు వదిలిపెట్టినాను.