మెట్ట మీద నూరేళ్ళ పండగ

వార్షికోత్సవానికి మా పెద్దాపురంలో ఒక లెక్కుంది. జ్యోతి వెలిగించడం, ఫ్యాను గాలికి సగం వత్తులు ఆరిపోవడం, శాలువాలు, ఆనక "రెండే రెండు మాటలు" అంటూ మొదలెట్టి గంట లాగే పెద్దమనిషి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నూరేళ్ళ పండగకని పాత విద్యార్థులం పదిమంది కూడినప్పుడూ అదే లెక్క వేశాం. అరగంట సేపు బుర్ర పెట్టి ఆలోచించింది భోజనం గురించే: పనసపొట్టు కూరా, గుత్తివంకాయా?

పిలిచేవాడు ఓ ఖగోళవేత్త అయితే ఎంత బావుణ్ణు అనిపించింది నాకు. అలాంటి ఇల్లు విశాఖలో ఒకటుండేది. డాబా గార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు గారు వేధశాల కట్టించిన ఎనభై ఏళ్ళు దాటాక గాని 1926 ఏప్రిల్ 26 రాలేదు, విశ్వవిద్యాలయం పుట్టలేదు. అదీ బెజవాడలో పుట్టి 1930లో వాల్తేరు చేరింది లెండి. జగ్గారావు గారు జమీందారై ఉండి మద్రాసు వెళ్ళి ఖగోళవేత్త టేలర్ దొర దగ్గర చుక్కల లెక్కలు నేర్చుకొచ్చారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874 డిసెంబరు 9న శుక్రుడు నల్లబొట్టులా సూర్యబింబం దాటిపోవడం చూసి లెక్క రాసుకున్నారు.

నరసింగరావు గారి పిలుపైతే జ్యోతి వెలిగించడం ఉండదు. ఉన్న దీపాలే ఆర్పమంటారు. ఏప్రిల్ చివర్లో పొద్దుగూకాక ఆగ్నేయాన తెల్లగా చిత్త, ఈశాన్యాన కాస్త ఎర్రగా స్వాతి కనిపిస్తాయి. చిత్త వెలుగు మనదాకా రావడానికి సుమారు 250 ఏళ్ళు పడుతుంది. ఇప్పుడు మన కంట పడేది పెద్దాపురం కోటలో వత్సవాయి వారు ఏలుతుండగా బయల్దేరింది. స్వాతిది 37 ఏళ్ళ ప్రయాణమే. అది బయల్దేరేనాటికి నేను వాల్తేరు హాస్టల్లో కంచం పట్టుకుని సాంబారు కోసం వరసలో నిలబడి ఉన్నాను. ఆ సాంబారు మీద నాకింకా కోపం పోలేదు, అది వేరే సంగతి.

ఈ మాట చెబితే మావాడొకడు "శాలువా లేకపోతే ఎవడొస్తాడ్రా?" అన్నాడు. వాడన్నదీ నిజమే.

అయినా పిలుస్తున్నాను. నరసింగరావు గారు లేరు కనుక పిలుపు నాదే. ఏప్రిల్ 26 సాయంత్రం ఏడున్నరకల్లా మా ఊరి పాండవుల మెట్ట ఎక్కండి. చాప మీరే తెచ్చుకోండి, సెల్‌ఫోను లైటు మాత్రం వెయ్యకండి. పనసపొట్టు కూర ఖాయమైంది.