కదలికలు తగ్గితే తెల్లవారేదాకా ఆగవద్దు

కడుపులోని బిడ్డ కదలిక ఇంటిల్లిపాదికీ వేడుక. అయితే ఆ కదలిక తగ్గినప్పుడు ఏమి చేయాలన్నది మన ఇళ్లలో అంతగా ప్రస్తావనకు రాదు. "నెలలు నిండాయి కదా, బిడ్డకు చోటు చాలడం లేదు" అని సరిపెట్టుకోవడం పరిపాటి. నిజానికి నెలలు నిండేకొద్దీ కదలికల తీరు మారవచ్చునే గాని, కదలికలు తగ్గిపోకూడదు.

మా కోడలికి తొమ్మిదవ నెల. ఒకనాడు ఇషా నమాజు తరువాత, "అమ్మీ, మధ్యాహ్నం నుండి బిడ్డ సరిగా కదలడం లేదు" అన్నది. మా ఇంటి దాదీ ఆమె తలపై చెయ్యి వేసి దువా చేశారు. ఆ వెంటనే, "ఆటో పిలవండి" అన్నారు. దువాకూ వైద్యానికీ నడుమ ఆమె క్షణమైనా జాప్యం చేయలేదు.

ఆస్పత్రిలో ఎన్.ఎస్.టి. అనే పరీక్ష చేశారు. సూది లేదు, నొప్పి లేదు. తల్లి పొట్టకు రెండు పట్టీలు కడతారు. ఒకటి బిడ్డ గుండె చప్పుడును, రెండవది గర్భాశయపు బిగింపులను నమోదు చేస్తుంది. బిడ్డ గుండె నిమిషానికి 110 నుండి 160 సార్లు కొట్టుకోవడం సాధారణం. మెట్లెక్కితే మన గుండె వేగం పెరిగినట్లే, కదిలినప్పుడు బిడ్డ గుండె వేగమూ పెరగాలి. నెలలు నిండిన బిడ్డకు 20 నిమిషాలలో కనీసం రెండుసార్లు ఆ వేగం 15 మేర పెరిగి, 15 సెకన్లపాటు సాగితే, ప్రాణవాయువు చక్కగా అందుతున్నట్లు భావిస్తారు.

మొదటి 20 నిమిషాలు కాగితంపై గీత పైకి లేవలేదు. మా పెదవులపై దరూద్ ఆగలేదు. "బిడ్డ నిద్రలో ఉండవచ్చు, మరికొంతసేపు చూద్దాం" అన్నారు డాక్టరమ్మ. అరగంట దాటిన తరువాత గీత లేచింది, మళ్లీ లేచింది. పదకొండు రోజులకు మనవరాలు పుట్టింది, అల్‌హమ్దులిల్లాహ్.

గీత లేవనంత మాత్రాన ముప్పు ఖాయమని కాదు. స్కానింగ్ వంటి పరీక్షలతో వైద్యులు నిర్ధారించుకుంటారు. గీత బాగున్నా, మరునాడు కదలికలు తగ్గితే మళ్లీ వెళ్లవలసిందే. నిన్నటి కాగితం నేటికి హామీ కాదు. మధుమేహం, రక్తపోటు ఉన్నవారికి, కాన్పు తేదీ దాటినవారికి వైద్యులు ఈ పరీక్షను ముందుగానే సూచిస్తారు.

బిడ్డ స్థితిలో మార్పు మొదట తెలిసేది యంత్రానికి కాదు, తల్లికి. ఆమె అర్ధరాత్రి అయినా సంకోచం లేకుండా ఆ మాట చెప్పగలగాలి. అత్తమామలు, భర్త ఆ మాట విని వెంటనే లేవాలి. ఒంటెను కట్టి, ఆపైన అల్లాహ్‌పై భారం వేయడమంటే మన ఇళ్లలో ఇదే.